నత్త నడిచిన గోడ

ప్రియమైన తబితకు,

ప్రభువు నామమున వందనాలు చెప్పి ఎజ్రా రాసేది. ఇక్కడ నేనూ, అమ్మా, మన రెబెక్కా దేవుని దయవల్ల బాగున్నాం. మస్కట్‌లో ఎండలెలా ఉన్నాయో, నీ మోకాలి నొప్పి తగ్గిందో లేదో తెలియక దిగులుగా ఉంది. దుర్గాశ్రీకి సెలవు అయిపోయింది, ఆదివారం మళ్లీ మస్కట్ విమానం ఎక్కుతోంది. ఈ ఉత్తరం తనకిచ్చి పంపుతున్నాను.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. రెబెక్కాకి దగ్గు పోయింది. ముందరి పన్ను ఊడింది. మన గదికి నువ్వు చెప్పిన లేత నీలమే వేశాను. అమ్మ మాత్రం “ఆసుపత్రిలో పడుకున్నట్టుందిరా” అంటోంది. కిటికీ రెక్కలకి ఏ రంగో నువ్వే చెప్పు. ఊరందరికీ రంగులు చెప్పే నాకు మన ఇంటి దగ్గరకొచ్చేసరికి ఏమీ తోచదు.

ఫోన్లో ఎందుకలా నీళ్లు నములుతున్నానని కూడా అడిగావు. ఫోన్లో చెప్పలేకే కాగితం పట్టుకున్నాను.

వేసవి సెలవుల్లో మన ఊరి బడికి రంగులు వేస్తున్నానని చెప్పాను కదా. హెడ్మిస్ట్రెస్ సీతారామలక్ష్మి గారు పిల్లల కోసం ఒక కథ రాసుకున్నారు. చేలో ఉండే ఓ నత్తకి తన గుల్ల మట్టిరంగులో ఉందని బెంగ. రంగు అడుక్కుంటూ చిలక దగ్గరకీ, బంతిపువ్వు దగ్గరకీ, లకుముకి పిట్ట దగ్గరకీ వెళుతుంది. ఆ కథంతా రెండో తరగతి గోడ మీద బొమ్మలుగా వెయ్యమన్నారు. “ఇన్నాళ్లూ గోడలకి రంగులేశారు. ఇప్పుడు కథకి వెయ్యండి, ఎజ్రా గారూ” అన్నారు. రంగులేసేవాణ్ణి ‘గారూ’ అని ఆ బళ్లో అంతకుముందు ఎవరూ పిలవలేదు.

ఆ గోడకి ఓ పగులుంది. కిటికీ మూల నుంచి వంకరగా కిందికి దిగింది. “అది కనపడకుండా చూడండి” అన్నారావిడ. పగులు పుట్టీతో పూడ్చి, ఆ గీత మీదే నత్త నడిచిన దారి వేశాను. నిజంగా నత్త వెళ్లిన తడిలాగే మెరిసింది. బడి తెరిచాక పిల్లలు ఆ దారి వెంట వేలు పెట్టి కథ చెప్పుకునేవారు. మన రెబెక్కా చోటు సరిగ్గా దాని కిందే. గోడ మూల ‘చిత్రకారుడు’ అని నా పేరు రాయించారు. అక్కడ నిలబడి తీయించుకున్నదే నీకు పంపిన ఫొటో.

నీకు చెప్పనిది ఇది, తబితా. పుట్టీ పెట్టేముందు పగులులోకి పెన్సిలు తోసి చూశాను. మొత్తం లోపలికి వెళ్లిపోయింది. పదిహేడేళ్లుగా గోడలు చూస్తున్నవాణ్ణి, అది పైపూత పగులు కాదని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. చెబితే ఆ గోడ నాకు దక్కదనా? ఆవిడ చెప్పినట్టు చేస్తే సరిపోతుందనా? ఎంత ఆలోచించినా నా మనసు నాకే దొరకడం లేదు.

జూలైలో ముసురు పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం రెబెక్కా వచ్చి, “నాన్నా, నత్త దారిలో నా వేలు దూరుతోంది” అంది. తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తాను. పగులు విచ్చుకుని ఉంది. సీతారామలక్ష్మి గారికి పెన్సిలు సంగతి చెప్పేశాను.

“ముందే తెలుసా మీకు?” అన్నారు.

“తెలుసండి.”

“తెలిసే ఇరవై ఆరుమంది పిల్లల్ని దాని కింద కూర్చోనిచ్చారా?”

మళ్లీ ఆవిడే, “కప్పెయ్యమన్నది నేనే కదండీ” అంటూ కుర్చీలో కూలబడ్డారు.

పిల్లల్ని ఆ పూటే మన చర్చి హాలుకి మార్చారు. ద్రాక్షారామం నుంచి ఇంజనీరు గారొచ్చి, పగులు పూర్తిగా కనపడాలి, రంగు గీకించమన్నారు. ఇంకెవరినో పిలుస్తామంటే నేనే గీకుతానన్నాను. చిలకా, బంతిపువ్వూ పెచ్చులుపెచ్చులుగా రాలుతుంటే, చూడ్డానికొచ్చిన పిల్లలు గుమ్మంలో ఒకటే ఏడుపు.

అంతా చూసి ఇంజనీరు గారు, “పడితే ఈ వానకే పడొచ్చు. లేదంటే పదేళ్లు నిలబడొచ్చు. చెప్పలేమండి” అన్నారు. దాంతో నా బుర్ర ఇంకా పాడయింది. ఎందుకైనా మంచిదని కిందటి వారం గోడ దించేస్తుంటే వెళ్లి చూశాను. కొన్ని ఇటుకలు రాళ్లలా ఉన్నాయి. కొన్ని చేతిలో పిండైపోయాయి. ఊళ్లో కొందరు పిల్లల్ని కాపాడానంటున్నారు, కొందరు బంగారంలాంటి బొమ్మలు పాడుచేశానంటున్నారు. ఏ మాటా నాకు తగినట్టు లేదు. పాస్టరు గారు ప్రార్థన చెయ్యమన్నారు. మోకరిస్తున్నాను గానీ, క్షమించమని అడగాలో, కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

మొన్న జడ వేస్తుంటే రెబెక్కా అడిగింది. “నాన్నా, నీకు తెలిసే నన్నక్కడ కూర్చోబెట్టావా?”

“అవునమ్మా” అన్నాను.

అది “ఊఁ” అని, రిబ్బను అందించింది. అప్పటినుంచీ నాతో మామూలుగానే ఉంది. నా పక్కనే పడుకుంటోంది, నా చేతి ముద్దే తింటోంది. అదే నాకు అర్థం కావడం లేదు, తబితా. కోపమొస్తే బాగుండేది. నీకైనా రావాలి. ఇది చదివిన రోజే ఫోన్ చేసి నన్ను తిట్టు.

ఇట్లు,
నీ భర్త,
ఎజ్రా