ఎవరి గరిటె వారి పేరున

ఉదయగిరి,
బుధవారం.

బావగారికి నమస్కారాలు.

మీ కబురు అందింది. ఫోటోల సైటులో నేను పెట్టిన చెక్క గరిటెలకు చెక్కినవాళ్ల పేర్లు తీసేసి, అన్నిటినీ ఆత్మకూరులోని మీ అంగడి పేరున ఒకే ఆల్బమ్‌లో పెట్టమన్నారు, సైటు పాస్‌వర్డూ పంపమన్నారు. లేకుంటే మా సరుకు ఇక తీసుకోనన్నారు.

మొదట నేనూ అన్నీ కలిపే పెట్టాను. మస్తానమ్మ నా ఫోన్‌లో చూసి, "ఏందబ్బయ్యా, అందరివీ ఒకే గంపలో పోసినావు? పిడి కొనన నొక్కు ఉండాది చూడు, అది నాది. ఆ గుండ్రటిది మాలకొండయ్యది" అంటూ కూర్చున్నచోటే అరవై ఫోటోలు వేరు చేసింది. ఒక్కటీ తప్పలేదు. అప్పుడే ఒక్కొక్కరికి ఒక్కో ఆల్బమ్ తెరిచాను.

నలభై ఏళ్లుగా ఆమె గరిటెలు ఊళ్లు దాటాయి గానీ, ఆమె పేరు వీధి దాటలేదు. పోయిన వారం చెన్నై నుంచి ఎవరో ఫోన్ చేసి మస్తానమ్మ చెక్కినవే కావాలన్నారు. "నా పేరు వాళ్లకెట్టా తెలిసిందబ్బయ్యా?" అని ఆమె నన్ను మూడుసార్లు అడిగింది.

అందువల్ల పేర్లు తీయను. పాస్‌వర్డూ పంపను. మా సరుకు మీకు వద్దంటే, ఇక్కడి నుంచి నెల్లూరుకూ బస్సులున్నాయి.

మీ మాట పూర్తిగా కాదనలేదు. మీ పేరున కూడా ఒక ఆల్బమ్ తెరిచాను. అది ఖాళీగా ఉంది. మీ చేత్తో ఒక్క గరిటె చెక్కి పంపండి. అందిన రోజే ఎక్కిస్తాను.

అక్కను అడిగినట్టు చెప్పండి.

మీ బావమరిది