ముందు గంట

జూలై 8

నేను చదివిన బడిలోనే ఇప్పుడు గంట కొట్టించడం నా ఉద్యోగం. కొట్టేది కంప్యూటర్, దాన్ని చూసుకునేది నేను. ఆ ప్రోగ్రామ్ నా చిన్నప్పుడు మా క్లాస్ టీచరు రాసింది. ఇంకా అదే నడుస్తోంది. ఫైల్ తెరవగానే ఆవిడ చేతుల సుద్ద వాసన గుర్తొచ్చింది. మేడ మెట్లూ అవే. నా కుంటికాలికి అప్పటికన్నా ఎత్తుగా తోచాయి.

కొత్త ప్రిన్సిపాల్‌కి ముందు గంట నచ్చలేదు. చివరి గంటకి ఐదు నిమిషాల ముందు ఇంకోటి ఎందుకు, అప్పట్నుంచే పిల్లలు సంచులు సర్దేస్తున్నారు, తీసెయ్యమన్నారు.

జూలై 9

టీచరు కోడ్ మీద చెయ్యి వెయ్యబుద్ధి కాలేదు. దాన్ని పేరెంట్‌గా ఉంచి కింద ఒక చైల్డ్ క్లాస్ రాశాను, అంటే పాతదాన్ని ముట్టుకోకుండా దాని మీద చెల్లే చిన్న కోడ్. అందులో ముందు గంట ఎన్ని నిమిషాల ముందో చెప్పే మెథడ్ అదే పేరుతో, ఐదు బదులు సున్నా. చిటికెలో పని.

జూలై 10

మోగింది.

జూలై 11

మళ్ళీ మోగింది. ప్రిన్సిపాల్ నావైపు చూసి, గడియారం వైపు చూసి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

ముందు గంట కాగానే మేడమీంచి ఒక పాప మెల్లగా దిగింది. కాలికి పట్టీలూ, ఇనుప కడ్డీలూ. ఒక చెయ్యి రెయిలింగ్ మీద, రెండో చేతిలో చాక్‌పీసుల డబ్బా. నాకూ అదే పని ఉండేది. ముందు గంట కొట్టగానే టీచరు నన్ను పిలిచి, డబ్బా ఆఫీసులో ఇచ్చేసి అటే ఇంటికి పొమ్మనేవారు. అంతమందిలో నన్నే పిలిచేవారని ఎంత గర్వమో. రోజూ అక్కకి చెప్పి ప్రాణం తీసేదాన్ని.

జూలై 12, సాయంత్రం

దొరికింది. సిగ్గుచేటు. టీచరు ఆ మెథడ్‌ని స్టాటిక్ చేశారు. స్టాటిక్‌కి ఓవర్‌రైడ్ ఉండదు, చైల్డ్ దాన్ని తోసిపుచ్చలేదు. చైల్డ్‌లో అదే పేరుతో రాసినా అది పేరెంట్‌దాన్ని మార్చదు, పక్కన ఊరికే కూర్చుంటుంది. గంట కొట్టించే కోడంతా పేరెంట్‌లో ఉంది. అది తన మెథడ్‌నే పిలుచుకుంటుంది, నేనేం రాశానో చూడనే చూడదు. ఇది నాకు నేర్పింది కూడా ఆవిడే. పరీక్షలో సరిగ్గానే రాశాను.

జూలై 14, ఆదివారం

రిటైరైన మా టీచరింటికి వెళ్ళాను. చెప్తే నవ్వారు. కావాలనే స్టాటిక్ పెట్టానే అన్నారు. మామూలు మెథడైతే తర్వాత వచ్చేవాళ్ళు కింద ఇంకోటి రాసి పారేస్తారట. ఫైనల్ అని తాళం వేస్తే, ఎర్రర్ చూసి ఆ తాళమే పీకేస్తారట. ఇదైతే ఎందుకు మారట్లేదో తెలియక నా కోడ్ చదువుతారు, చదివితే ఎందుకని అడుగుతారు అన్నారు.

ఎందుకని అడిగాను.

నీకోసమే అన్నారు. అందరూ ఒక్కసారి మెట్ల మీద పడితే నువ్వు తట్టుకోలేవు, ఒకసారి పడ్డావు కూడా అన్నారు. ఆ డబ్బా ఆఫీసులో ఎవరికీ అక్కర్లేదట.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ గర్వం మాత్రం ఇప్పటికీ పోలేదు.

జూలై 15

ప్రిన్సిపాల్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనని, కాస్త మారిస్తే గంట ఇవాళే ఆగిపోతుందని. మార్చేముందు ఒక్కసారి మెట్ల దగ్గరికి రమ్మన్నాను. వచ్చారు. పాప సగం దిగాక డబ్బా అందుకోబోయారు. పాప ఇవ్వలేదు. మా టీచరు నాకే ఇచ్చారండీ అంది. ఆయన పక్కకి జరిగి దారిచ్చారు. వెళ్తూ వెళ్తూ, గంట సంగతి మీకే వదిలేస్తున్నానన్నారు.

జూలై 16

స్టాటిక్ తీసేశాను. ఇక చైల్డ్ మాటే చెల్లుతుంది. అందులో సున్నా కొట్టేసి ఐదు అని రాశాను.