కుంకుమ పెట్టిన నేమ్‌ప్లేటు

బాన్సువాడ, జూన్ 1998

ఎస్సై సారుకు దండాలు.

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులుంటే మన్నించండి. నాలుగు దాకే చదివాను. నేను మీ కానిస్టేబులు భార్యను. మొన్న నస్రుల్లాబాద్ సంతలో మోతీలాల్‌ను పేకాటలో పట్టుకున్నప్పుడు మా ఆయన చొక్కాకు నేమ్‌ప్లేటు లేకపోవడం నా తప్పే. మొగుని పేరు బండకేసి బాదకూడదని, ఉతికే ముందు తీసి దేవుళ్ళ దగ్గర ఉంచి కుంకుమ పెడతాను. ఆ రోజు తిరిగి పెట్టడం మరిచాను. ఆయనను బదిలీ చేయకండి. నాకిప్పుడు ఏడో నెల.

ఇట్లు,
కానిస్టేబులు భార్య

తా.క.: జవాబు మా పక్కింటి పూలమ్మ పేర రాయండి. ఆమెకు చదువు రాదు.

*

అమ్మా,

ఎవరినైనా పట్టుకునేటప్పుడు పోలీసు పేరు జనానికి కనబడాలన్నది రూలు. మోతీలాల్ ఇచ్చిన అర్జీలో తనను పట్టుకున్నవాడి గురించి "నేమ్‌ప్లేటు లేనోడు" అని మాత్రమే ఉంది. సంతకు వెళ్ళిన కానిస్టేబుళ్ళు నలుగురు. నలుగురూ "నాకుండె సార్" అంటున్నారు. మీ ఆయన పేరు రాయండి. మరుపే అయితే మందలించి వదిలేస్తాను.

హరనాథబాబు, ఎస్సై

తా.క.: "కానిస్టేబులు" అనేది పేరు కాదు.

*

సారుకు దండాలు.

నోటితో పలకని పేరు చేత్తో ఎలా రాయను? ఆయన పొడుగు. మీసం ఉంది. నిద్రలో "పట్టుకో, పట్టుకో" అంటారు. ఇది చాలదంటే నేమ్‌ప్లేటే పంపుతున్నాను. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు. ఇది పడిపోయిందనుకుని ఆయన వేరేది పెట్టుకుంటున్నారు.

ఇట్లు,
ఆయన భార్య

తా.క.: కుంకుమ తుడవకండి. పక్కనుంచి చదవండి.

*

అమ్మా,

పక్కనుంచే చదివాను. గోపీచంద్ అని ఉంది. గోపీచంద్‌కు పెళ్ళి కాలేదు. వర్నిలో మా చుట్టాల పిల్లతో వచ్చే నెల ముహూర్తం. పిలిచి అడిగితే "ఆవిడెవరో నాకు తెలీదండీ, నా నేమ్‌ప్లేటు పోయి నెలయిందండీ" అని ఏడ్చాడు. నేను నమ్మలేదు. ఆదివారం పిల్ల తండ్రి వస్తున్నాడు, సంబంధం వద్దని చెప్పబోతున్నాను. మీరూ రండి.

హరనాథబాబు

తా.క.: కుంకుమ తుడవలేదు. అది సాక్ష్యం.

*

సారుకు దండాలు.

ఆయనను అడిగాను. నవ్వారు. "నేమ్‌ప్లేటు పెట్టుకోవాలన్నరు గని, నాదే పెట్టుకోవాలన్నరా? ఎవడన్న అర్జీ ఇస్తే గోపీ మీదికి పోతది. గాయినకు పెండ్లామా పిల్లలా, బదిలీ అయితే ఫికర్ చేయనీకి?" అన్నారు.

నెల రోజులు పరాయి మగవాని పేరుకు కుంకుమ పెట్టాను సార్. ఆ పాపం నాతో పోనీ, ఆ పిల్ల పెళ్ళి మాత్రం ఆపకండి. మా ఆయన పేరు వినోద్‌కుమార్. బదిలీ ఇక మీ ఇష్టం. సామాను కడుతున్నాను.

ఇట్లు,
ప్రేమలత

తా.క.: చదివాక ఈ ఉత్తరం కాల్చేయండి. ఫైలుకు కావాలంటే ఉంచుకోండి గానీ, ఆయన పేరున్న ముక్క మాత్రం కత్తిరించి కాల్చండి.