హెల్ప్ డెస్క్ ఎదుటి కుర్చీ

విజయవాడ,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

డయానాకి మహెక్ రాస్తున్నది.

నువ్వూ, తెరేసమ్మ ఆంటీ, మరియదాసు అంకులూ బాగున్నారా అని ముందు అడగాలి. అడగడానికి మొహం చెల్లడం లేదు. ఇక్కడ అమ్మీ, అబ్బా బాగానే ఉన్నారు. నేనూ బాగున్నానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది.

ఈ రోజుల్లో ఉత్తరమేంటే పిచ్చిదానా అనుకుంటావు. వాట్సాప్‌లో మూడుసార్లు రాసి పంపి, నువ్వు చూసేలోపే డిలీట్ కొట్టాను. ఏంటే ఆ డిలీట్లు అని నువ్వు నవ్వే బొమ్మ పెట్టావు. అందుకే కాగితం. పోస్టు డబ్బాలో పడ్డాక వెనక్కి తీసుకోలేను కదా.

హాస్పిటల్ మేనేజ్‌మెంట్ పీజీ ఆఖరి సెమిస్టర్లో రెజ్యూమేలు పట్టుకుని సూర్యారావుపేట హాస్పిటళ్ళన్నీ తిరిగాం, గుర్తుందా? ఒక సెక్యూరిటీ ఆయన మన కాగితాలు తీసుకుని టిఫిన్ బాక్స్ కింద పెట్టుకున్నాడు. డాక్టరూ కాదు, నర్సూ కాదు, మరి మీరేం చేస్తారమ్మా అని అడిగాడు. పేషెంటు కంగారు పడకుండా చూసుకుంటామండీ అని నువ్వు చెప్పావు. నేను కిసుక్కున నవ్వాను. తర్వాత ఇంటర్వ్యూలో ఆ మాటే నా సొంతంలా చెప్పాను, సిగ్గులేనిదాన్ని.

అసలు సంగతికొస్తాను. మార్చిలో మనిద్దర్నీ ఇప్పుడు నేను చేస్తున్న ఈ హాస్పిటల్‌కే పిలిచారు. పేషెంట్ కేర్ కోఆర్డినేటర్, పోస్టు ఒక్కటే. ఇంటర్వ్యూ ముందురోజు మా అమ్మీ వైపు ఖాలా కొడుకు ఇష్తియాక్ భాయ్ ఫోన్ చేశాడు. అప్పటికే ఇక్కడ ఇన్సూరెన్స్ డెస్కులో చేస్తున్నాడు. హెచ్.ఆర్. ఉషశ్రీ మేడమ్ లేటవుతుందని చెప్పి, వచ్చినవాళ్ళని గంటసేపు ఓపీలో పేషెంట్ల మధ్య కూర్చోబెడతారట. హెల్ప్ డెస్క్ వెనక నుంచి ఎవరు సాయానికి లేస్తున్నారు, ఎవరు ఫోన్ చూసుకుంటున్నారు అని గమనిస్తారట. అసలు పరీక్ష అదేనట. నీ ఫ్రెండుకీ చెప్పు అన్నాడు. సరే భాయ్ అన్నాను. చెప్పలేదే, డయానా. పొద్దున ఒకే ఆటోలో వచ్చాం. దారి పొడుగునా నువ్వు నా చేత ప్రశ్నలకి జవాబులు అప్పజెప్పించుకుంటూనే ఉన్నావు. అప్పుడూ నోరు విప్పలేదు.

వెళ్ళీ వెళ్ళగానే హెల్ప్ డెస్క్ ఎదుటి కుర్చీ చూసుకుని కూర్చున్నాను. హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కనబడగానే కుర్చీ ఇచ్చాను. ఫారం నింపాను. తాతగారూ, తాతగారూ అని ఓపీ అంతా వినబడేలా పిలిచాను. నడవగలను తల్లీ అంటున్నా వినకుండా వీల్‌ఛైర్ తెచ్చి కూలేశాను. పాపం, ఆయన నాకు దణ్ణం పెట్టాడు! ఛీ, ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నువ్వు వెనక వరుసలో కూర్చున్నావు. కాసేపటికి లేచి వెళ్ళావు. తిరిగొచ్చేసరికి ఇంటర్వ్యూలు అయిపోయాయి. నా ఖర్మ కాకపోతే సరిగ్గా అప్పుడే పిలవాలా అన్నావు. పైగా నాకు ఉద్యోగం వచ్చిందని ఆంటీ చేత కేకు చేయించి తెచ్చావు. తిన్నానే నేను, రెండు ముక్కలు.

ఆర్నెల్లయింది. నేను మెడలో ఐడీ కార్డు వేసుకుని తిరుగుతున్నాను, నువ్వు మైలవరంలో చెప్పుల షాపులో బిల్లులు కొడుతున్నావు. బక్రీద్‌కి నువ్వు పెట్టిన మెసేజ్‌కి కూడా అందుకే జవాబివ్వలేకపోయాను. ఇప్పుడు ఇంకో పోస్టు ఖాళీ అయింది. అప్లై చెయ్యి. ఓపీలో ఎక్కడైనా కూర్చో, నీకు ఏ కుర్చీ అయినా ఒకటే.

క్షమించమని అడగను. తిట్టాలనిపిస్తే ఫోన్ చేసి తిట్టు, ఎత్తుతాను.

నీ స్నేహితురాలినని రాసుకోవడానికి చెయ్యి రాని,
మహెక్

తా.క. సోమవారం. నిన్న సగమే రాశాను. మిగతా సగానికి ధైర్యం చాల్లేదు.

నువ్వెందుకు లేచి వెళ్ళావో నాకు తెలుసు. నీ పక్కావిడ వాంతి చేసుకుంది. నువ్వు నీ చున్నీతో ఆవిడ మొహం తుడిచి, నడుం పట్టుకుని బాత్రూమ్‌కి తీసుకెళ్ళావు. నేను కళ్ళారా చూశాను. మేడమ్ అప్పటికే లోపలికి వెళ్ళిపోయారు, ఆవిడ చూడలేదు. నీ పేరు రెండుసార్లు పిలిచారు. నీతో వచ్చిన అమ్మాయేదీ అని నన్నే అడిగారు. ఇంట్రెస్ట్ లేదని వెళ్ళిపోయిందండీ అని చెప్పాను. నీ ఖర్మ ఏం కాదే. అది నేనే.

ఇవాళ పొద్దున ఇదంతా కాగితం మీద రాసి మేడమ్‌కి ఇచ్చాను. నిలబడే చదివారు. నా ఉద్యోగం ఉందో లేదో చెప్పలేదు. నీ నంబర్ మాత్రం అడిగారు.

తెలియని నంబరని కట్ చెయ్యకు, డయానా.