మురికైతే కానియ్యి

పరమేశ్, డ్యూటీకి పోతున్న. నిద్రల ఉన్నవని లేపలే.

ఏడుపాయల గుడికి పోయేటప్పుడు నిత్యను ముందల కూసోపెట్టకు. మా అన్న కొనిచ్చిన పిల్లల సీటు సజ్జ మీదికెళ్లి దించి, కార్ల వెనక బిగించిన. మురికైతదని నువ్వు తియ్యనియ్యని ప్లాస్టిక్ కవర్ చింపేసిన. మురికైతే కానియ్యి.

అత్తమ్మ "నా ఒళ్లె కూసోపెట్టుకుంట" అంటది. లొల్లి పెట్టుకోకు. పక్కన కూసొని పిల్ల చెయ్యి పట్టుకోమను.

నిన్న మా దవాఖానకు ఒక పిల్లను తెచ్చిండ్రు. నిత్య అంతనే ఉంటది. తూప్రాన్ తొవ్వల సడెన్ బ్రేక్ ఏస్తే, తల్లి ఒళ్లెకెళ్లి ఎగిరిపోయి ముందల అద్దానికి కొట్టుకున్నదట. "గట్టిగనే పట్టుకున్న సిస్టర్" అని ఆ తల్లి అదే మాట మల్ల మల్ల అన్నది. చేతులు ఇంకా పిల్లను పట్టుకున్నట్టే పెట్టుకున్నది.

అన్నం, పప్పు స్టవ్ మీదున్నయి. తిని పోండ్రి.

సుమన

ఇంకొకటి. సీట్ల కూసోనని నిత్య తొవ్వంత ఏడుస్తది. మనసు కరిగి బెల్టు ఇప్పకు, ఏడ్వనియ్యి. నిన్నటి పిల్ల ఏడ్వలే.