నీళ్ల లైను కట్టేసిన రోజు

బావగారికి,

మీకు ప్రశంసాపత్రం ఇచ్చిన సభకు నేనెందుకు రాలేదని అక్క అడిగింది. కడుపునొప్పి అని చెప్పాను. నిజానికి అది కడుపుమంట.

ఈ అణు విద్యుత్ కేంద్రంలో ఇద్దరం ఒకే రోజు చేరాం. మీరు వెల్డర్ల మీద సూపర్‌వైజర్ అయ్యారు. నేను నిప్పు కాపలాదారుగానే ఉండిపోయాను.

ఆ మంగళవారం కొత్త పంపు బిగించడానికి మంటలార్పే నీళ్ల లైను కట్టేశారు. నీళ్లు వచ్చేదాకా కేబుళ్ల గదిలో నిలబడి పైన మీ వెల్డర్ల పని నుంచి రాలే నిప్పురవ్వలను కనిపెట్టుకుని ఉండటమే నా పని. నేను గది వదిలి పెద్దసారు దగ్గరికి వెళ్లాను, మీ మీద చాడీలు చెప్పడానికి. ఆయన సీట్లో లేరు. తిరిగొచ్చేసరికి గదంతా పొగ. రవ్వ పడి ప్లాస్టిక్ పట్టా అంటుకుంటే, మీరొక్కరే మంటలార్పే సిలిండరుతో ఆర్పేశారు.

అందరూ అడిగితే "మా బావమరిది కేకేయబట్టే పరిగెత్తుకొచ్చానండీ" అన్నారు. నా ఉద్యోగం నిలబెట్టారు. తర్వాత "ఎక్కడికి పోయావురా?" అని కూడా అడగలేదు. తిట్టి ఉంటే మిమ్మల్ని హాయిగా ద్వేషించేవాణ్ణి. మంచితనంలో కూడా మీరే ముందుంటే నేనేమైపోవాలి?

సోమవారం పొద్దున్నే పెద్దసారుకు జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. మీ అబద్ధం కూడా బయటపడుతుంది, క్షమించండి. నా ఉద్యోగం పోతే అక్కకు మీరే నెమ్మదిగా చెప్పండి. నన్ను ఆపడానికి మాత్రం రావద్దు. ఈ ఒక్క పనైనా మీకంటే ముందు నన్ను చేయనివ్వండి.

ఇట్లు,
మీ బావమరిది