సంతకం లేని పేజీ

నాన్నా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నీకు కోపం ఎక్కువొస్తుంది.

ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చేశానని, టైం లేక బైండింగు కూడా ఇక్కడే చేయించేశానని పోయిన వారం రాశాను కదా. అది అబద్ధం. ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్లందరి పుస్తకాలూ కుట్టావు, కూతురి పుస్తకం మాత్రం ఇంకెవరో కుట్టారని ఎంత నొచ్చుకున్నావో నాకు తెలుసు. ఎవరూ కుట్టలేదు నాన్నా. కాగితాలు నా పెట్టెలోనే ఉన్నాయి.

మా గైడు మేడం సమ్మెలో ఉన్నారు. పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నా ఆవిడ ఇంకా టెంపరరీయే. ఆరు నెలలకోసారి కొత్త ఆర్డరు కోసం ఆఫీసు బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఈసారి లెక్చరర్లంతా కలిసి పాఠాలూ సంతకాలూ ఆపేశారు. ఆఫీసు వాళ్లేమో గైడు సంతకం అక్కర్లేదు, రిపోర్టులు ఇచ్చేయండి, మేమే ముద్ర వేసుకుంటాం అన్నారు. అలా ఇచ్చేస్తే వాళ్ల సమ్మెని మేమే నీరుగార్చినట్టు. మా క్లాసులో పంతొమ్మిది మందిమి ఇవ్వం అని చెప్పేశాం. మేడం నన్ను పిలిచి చీవాట్లు పెట్టారు. "నా గొడవేదో నేను పడతాను. నువ్వు ఇచ్చేసి ఉద్యోగంలో చేరు" అన్నారు. నెలాఖరుకి డిగ్రీ చూపించకపోతే ల్యాబు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. భయంగానే ఉంది. అయినా మేడం సంతకం లేని ఆ పేజీ మీద ముద్ర కొట్టించుకోవడానికి మనసొప్పడం లేదు. నువ్వు ఇచ్చెయ్యమంటే మాత్రం మరునాడే ఇచ్చేస్తాను.

నీ మాట కోసం చూస్తూ,
పెద్దమ్మాయి

చిట్టితల్లీ,

కూర్చునే చదివాను. అయినా కోపం వచ్చింది.

నీకు తెలియని సంగతొకటుంది. పది రోజుల క్రితం మీ ఆఫీసు వాళ్లు తొంభై రిపోర్టులు వ్యానులో వేసుకుని మన కొట్టుకే వచ్చారు. అక్కడి బైండర్లు ఒక్కరూ ఒప్పుకోలేదట. మొట్టమొదట నీదే కుడదామని కట్టలన్నీ విప్పి వెతికాను. దొరక్కపోతే మళ్లీ వెతికాను. ఆ తర్వాత నీ ఉత్తరం వచ్చింది, అక్కడే చేయించేశానని. ఒక్క కొట్టూ ఒప్పుకోని చోట నీకు కుట్టిందెవరే? బైండరు దగ్గర బైండింగు గురించి అబద్ధమాడేది నువ్వొక్కదానివే.

వెతికేటప్పుడే చూశాను, ఒక్క దాంట్లోనూ గైడు సంతకం లేదు. సంతకం లేని రిపోర్టు నేనెప్పుడూ కుట్టలేదు. ఎవరి కాగితమూ నలగకుండా మళ్లీ కట్టలు కట్టి, "సంతకాలు పెట్టించుకుని రండి, వెంటనే కుట్టి ఇస్తాను" అని వ్యాను వెనక్కి పంపేశాను. ఇప్పుడు నిన్ను ఇచ్చెయ్యమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఉద్యోగం పోతే పోనీ అని మాత్రం అనను. నాకూ బాధే. మీ అమ్మ నిన్నటి నుంచి మన ఇద్దరి మీది కోపమూ కలిపి నా ఒక్కడితోనే మాట్లాడటం మానేసింది. అది నేను చూసుకుంటాను. నువ్వు ఇంకెప్పుడూ అబద్ధం రాయకు.

నీ అట్ట నువ్వు ఆఖరి ఏడాదిలో చేరినప్పుడే చేసి పెట్టాను. బంగారు అక్షరాల్లో నీ పేరు, దాని కింద మీ మేడం పేరు వేశాను. ఆవిడ సంతకం చేశాక కాగితాలు పంపు.

నాన్న